తువాలు కింద ధర

ఏలూరులో నాకు చెప్పుల కొట్టు ఉంది. మా నాన్న పెట్టిన కొట్టు. తోలు ఎక్కడి నుంచి వస్తుందని ఎవరైనా అడిగితే "మద్రాసు నుంచి" అని చెప్పేవాణ్ణి, పాలు సీసాలోంచి వస్తాయని చెప్పే పట్నం పిల్లాడిలా. అలాంటివాణ్ణి తిరుపతి వెళ్లి, గుండు చేయించుకుని, అక్కడితో ఆగకుండా తమిళ దేశం సరిహద్దు దాకా నడిచి, తోలుకు ముందు ఒక జీవం, ఆ జీవం వెనక ఒక ఇల్లు ఉంటాయని కళ్లారా చూసి వచ్చాను. చూడనివాళ్ల కోసం రాస్తున్నాను.

తిరుపతిలో వట్టి కాళ్లు

మొక్కు మా ఆవిడది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ రాలేక నన్ను పంపింది. దర్శనం గురించి నేను చెప్పేదేముంది, వెళ్లినవాళ్లందరూ చెప్పేదే. గంటల తరబడి నిలబడి, కనురెప్ప వాల్చేంతసేపు చూసి, బయటికొచ్చి ఏడ్చాను. ఎందుకేడ్చానో ఇప్పటికీ తెలియదు.

ఏడుపు ఆగాక చూసుకుంటే చెప్పులు లేవు. సొంత కొట్టులోంచి ఏరి తెచ్చుకున్న కొత్త జత! చెప్పుల వ్యాపారి చెప్పులు ఎత్తుకుపోయినవాడికి పుణ్యమో పాపమో గానీ, నాకు మాత్రం కొండ కింద తారురోడ్డు మీద అరికాళ్లు పెనం మీద దోసెలయ్యాయి. బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చుని చెప్పులు కుడుతున్న మునెయ్య దగ్గరికి గెంతుకుంటూ వెళ్లాను.

మునెయ్య ఒక జత చూపించి పద్నాలుగు రూపాయలన్నాడు. నేను తిరగేసి, అట్ట నొక్కి, కుట్టు లాగి చూశాను. "నువ్వు చెప్పుల యాపారివా, ఏందప్పా?" అని నవ్వాడు. అవునని ఒప్పుకున్నాక ఇద్దరం టీ తాగాం. ఇది దున్నపోతు తోలని, దాన్ని పెంచినవాడికి తోలు డబ్బు ఒక్క పైసా కూడా విడిగా రాదని చెప్పాడు.

"అదెలా?" అన్నాను.

"సంతలో అంతే. కండ, తోలు, ఎముక, అంతా కలిపి ఒకే బేరం. అదీ తువాలు కింద. మా సెల్లెలు చెంగమ్మ పోతును తోలుకోని పోతా ఉండాది శనివారం సంతకు. నగరి కాడ వాళ్లూరు. పో, సూసి రా. చెప్పులమ్మేటోడివి, సూడాల్సిందే."

తిరుగు రైలుకు ఇంకా నాలుగు రోజులుంది. కొండ మీద మూడు రోజులుంటానని ఇంట్లో చెప్పి వచ్చాను. లడ్డూలు సంచిలో సర్దుకుని నగరి బస్సెక్కాను.

నగరి: ముక్కు కొండ కింద

పుత్తూరు దాటాక కొండలు మొదలవుతాయి. మాది బల్లపరుపు నేల. ఏలూరులో ఎత్తైనదంటే రైలు వంతెనే. ఇక్కడ ఒక కొండ, వెల్లకిలా పడుకున్న మనిషి ముక్కులా ఆకాశంలోకి నిలబడి ఉంది. బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి దాన్నే చూస్తుంటే కండక్టరు తిట్టాడు. తిట్టనీ. అంత పెద్ద ముక్కు మళ్లీ ఎప్పుడు చూస్తాను?

ఊళ్లోకి అడుగుపెట్టగానే మగ్గాల చప్పుడు. చేతిమగ్గాలు ఒక పక్క, మరమగ్గాలు ఒక పక్క. నూలుకు పట్టించే గంజి వాసన వీధి వీధంతా. హోటల్లో ఇడ్లీకి చెట్నీతో పాటు సాంబారు బకెట్టుతో పోస్తారు, తమిళ దేశం పక్కనే కదా. మా వైపు అల్లప్పచ్చడి లేకుండా ఇడ్లీ పెడితే కొట్లాటే.

ఊరికి ఎడంగా ఉన్న పేటలో చెంగమ్మ ఇల్లు దొరికింది. సన్నగా, పొడుగ్గా, నడుముకు కొంగు బిగించి ఉంది. ఆమె భర్త దేవదానం మెత్తని మనిషి. ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. చెరుకు గానుగలో పోయాయట. మునెయ్య పేరు చెప్పి, నేను వచ్చిన పని చెప్పాను. చెంగమ్మ నా గుండు కేసి, చెప్పుల కేసి చూసి, "ఇవి మాయన్న కుట్టినవే. రెండు దినాలు కరుస్తాయి. మూడోనాడు నిన్ను మరిసిపోతాయి" అంది.

దొడ్లో కర్రోడు ఉన్నాడు. వాళ్ల పోతు పేరది. నల్లవాడు అని. మా వైపు గేదె అనేదాన్ని వీళ్లు ఎనుము అంటారు. పోతు మాత్రం పోతే. నేను చాలా దున్నపోతుల్ని చూశాను గానీ ఇలా నిగనిగలాడేదాన్ని చూడలేదు. వీపు మీద పరుపు వేసి పడుకోవచ్చు.

ఊళ్లో పాల వ్యాపారి ఇంట పుట్టిన దూడ అది. మగదూడ తాగే పాలు దండగ అని వాళ్లు దాని కడుపు ఎండబెడుతుంటే చెంగమ్మ అడిగి తెచ్చుకుంది. వరిగడ్డి కొనే స్తోమత లేదు. మగ్గాల వాళ్లు నూలుకు పట్టించగా మిగిలిన గంజిని రోజూ కుండతో మోసుకొచ్చి తాగించింది. వీధి వీధంతా తలా ఒక చెంబు పోస్తే పెరిగిన పోతు అది.

"దీన్ని అమ్మి ఏం చేస్తారమ్మా?" అని అడిగాను.

ఆమె నన్ను వెంటనే రెండు ఇళ్ల అవతలికి లాక్కుపోయింది. అక్కడ ముత్యాలప్ప అనే ముసలాయన దొడ్లో ఒక పాడి ఎనుము, దాని పక్కన దూడ. ముసలాయనకు గడ్డి కోసే ఓపిక పోయింది. ఆదివారం సాయంత్రం లోపు ఎవరూ కొనకపోతే పుత్తూరు పాల వ్యాపారికి ఇచ్చేస్తానన్నాడట.

"పాలు దినామూ అమ్ముడు పోతాయన్నా. కండ రెండేండ్లకు ఒకతూరి. రెండేండ్లు సాకి, ఒక్క దినం సంతలో వాళ్లు ఇచ్చిందే తీసుకోవాల. ఈ ఎనుము మా దొడ్లోకి వచ్చిందంటే మళ్ల ఆ సంత మొహం సూడను" అంది చెంగమ్మ. ముసలాయన ధర బయటికి చెప్పడు గానీ ఏడు వందలకు తగ్గదని పేటలో అనుకుంటున్నారు. కర్రోడికి ఏడు వందలు రావాలి. విషయం అంతే.

రాత్రికి నాకు వేరే కుండలో రాగిసంకటి, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి. "కొండ దిగొచ్చినోడివి, మా కూర నీకు పెట్టను. పాపం నాకెందుకు?" అని చెంగమ్మే అంది. ఆ ఊరిబిండి కోసం మళ్లీ ఒకసారి గుండు చేయించుకోమన్నా చేయించుకుంటాను.

దారి

శుక్రవారం పొద్దు పొడుస్తూనే బయల్దేరాం. లారీలో ఎక్కించుకుపోవచ్చు కదా అన్నాను. లారీ పెద్ద వ్యాపారులది. ఒక్క పోతు ఉన్నవాడికి లారీ ఎవడు తెస్తాడు? నడవాల్సిందే. నడిస్తే ఒళ్లు తగ్గుతుంది. ఒళ్లు తగ్గితే ధర తగ్గుతుంది. అందుకని చెంగమ్మ పచ్చిగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. కర్రోడు ఆ గడ్డి వాసన వెంట నడిచాడు. దేవదానం పలుపు పట్టుకుని వెనక, నేను కుంటుకుంటూ అందరికన్నా వెనక. చెప్పులు కరవడం గురించి చెంగమ్మ చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

బావి కనిపించిన చోటల్లా ఆగి పోతును తడిపారు. మామిడితోపుల నీడ వచ్చిన చోటల్లా పడుకోబెట్టారు. పెళ్లికొడుకుని కూడా అంత భద్రంగా ఎవరూ తీసుకెళ్లరు. నాకు మాత్రం ఒకటే గుబులు. అంత ప్రేమగా తీసుకెళ్లేది ఎక్కడికి? అడగలేక అడిగాను.

"సాకేటప్పుడు బాగా సాకాల. పోయేటప్పుడు బాగా పోవాల. నడిమద్దె ఏడిస్తే దానికేం లాభం?" అంది చెంగమ్మ. 

సంత

రాత్రి దారిలోనే ఒక తోపులో పడుకుని, శనివారం పొద్దున సరిహద్దు దాటీ దాటగానే ఒక మిట్ట ఎక్కాం. మిట్ట మీద నుంచి కిందికి చూసి నేను నిలబడిపోయాను. కనుచూపు మేర పశువులు. ఎద్దులు, పోతులు, పాడి ఎనుములు, ఒట్టిపోయిన ఎనుములు, రంగు రంగుల కొమ్ములు, దుమ్ము, ఆ దుమ్ములోంచి పడుతున్న ఎండ. ఏలూరులో జాతర చూశాను, కృష్ణా పుష్కరాలు చూశాను. ఇంతమంది మనుషులూ ఇన్ని జీవాలూ ఒకే చోట ఊపిరి పీల్చడం మాత్రం ఎన్నడూ చూడలేదు. దండం పెట్టబుద్ధేసింది, పెట్టాను కూడా.

అంతకంటే వింత ఇంకోటి. అంత సంతలోనూ ధర అనే మాట ఎక్కడా వినిపించదు! మా వైపు గేదెను కొనాలంటే నలుగురు పెద్దమనుషులు కూర్చోవాలి, కేకలు వేసుకోవాలి, అలిగి లేచిపోవాలి, మళ్లీ పిలిపించుకోవాలి. ఇక్కడ ఇద్దరు మగవాళ్లు ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తువాలు కప్పుకుని, దాని కింద వేళ్లు పట్టుకుంటారు. ఇన్ని వేళ్లు పడితే ఇన్ని వందలు. మొహాలు మాత్రం దున్నపోతు మీద వాన కురిసినట్టు. ఒకడు తల ఊపుతాడు, ఇంకోడు ఊపడు. పక్కవాడికి ఏ ధర వచ్చిందో నీకు తెలియదు, నీకేం వచ్చిందో వాడికి తెలియదు. అన్ని ధరలూ తెలిసింది దళారులకే.

ఆడవాళ్లు తువాలు కింద చెయ్యి పెట్టకూడదు. దేవదానం చేతికి వేళ్లు తక్కువ, బేరం సరిగా సాగదు. అందుకని కిందటిసారి ఒక దళారి చెయ్యిని అడిగి పెట్టుకున్నారు. వీళ్లకు ఒక ధర చెప్పి, అవతలివాడి దగ్గర ఇంకో ధర పట్టుకున్నాడని నెల తర్వాత తెలిసింది. అందుకే ఈసారి ఎవరి చెయ్యీ వద్దని దేవదానమే నిలబడ్డాడు.

కన్నయ్య అనే దళారి వచ్చాడు. పచ్చ తువాలు, నోట్లో వక్క, నవ్వు మొహం. కర్రోడి వీపు చరిచి, తోక పక్కన నొక్కి, తువాలు కప్పి దేవదానం చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి దేవదానం మొహం వాడిపోయింది.

"ఎంత?" అని అడిగింది చెంగమ్మ.

ఆయన నాలుగు అన్నట్టు పెదవులు కదిపాడు.

"నాలుగు నూర్లా?" అంది చెంగమ్మ. మామూలు గొంతుతోనే అంది. కానీ ఆ సంతలో ఆ మాట ఎలా వినిపించిందో చెప్పలేను. చుట్టుపక్కలవాళ్లంతా తలలు తిప్పారు. "ఈ పోతుకు నాలుగు నూర్లా? ఏడు నూర్లు. నేను నోటితోనే చెప్తా ఉండా. ఏడు నూర్లు!"

కన్నయ్య నవ్వు ఆగిపోయింది. "ఏం మనిషివి మా నువ్వు? నోటితో ధర చెప్తే జీవానికి దిష్టి తగలదా?"

"సచ్చేదానికి పోయే జీవానికి దిష్టేందప్పా!" అంది చెంగమ్మ.

 పక్కన ఒక రైతు తన పోతు కోసం ఎవరి చేతిలోనో చెయ్యి పెట్టి ఉన్నాడు. మెల్లగా తువాలు కిందనుంచి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నాకు మూడున్నరే అన్నారే" అన్నాడు బయటికే. అతని పక్కవాడు ఇంకేదో అన్నాడు. కాసేపు ఆ మూలన గింజలు ఒలికినట్టు పోతులవీ పాడి ఎనుములవీ ధరలు వినిపించాయి. నా జన్మలో ఎంతోమంది పెద్దల ఉపన్యాసాలు విన్నాను. ఒక్క మాటతో జనం చేతులు అలా కదలడం ఎక్కడా చూడలేదు.

కదిలిన చేతులు ఎంతోసేపు నిలవలేదు. దళారులందరూ ఒక చోట చేరి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత కర్రోడి దగ్గరికి ఒక్కడు రాలేదు. మిగతా రైతులు ఒక్కొక్కరే మళ్లీ తువాళ్ల కిందికి వెళ్లారు. వాళ్లనేం అనగలం? ఎండ, దూరాభారం, ఆకలి మీదున్న జీవాలు. మధ్యాహ్నం దాటింది. చెంగమ్మ కర్రోడి నీడలో కూర్చుని బొరుగులు తింటోంది. పెద్ద వ్యాపారి ఎంతసేపైనా ఆగగలడు. నడిపించుకొచ్చినవాడు ఆగలేడు. వెనక్కి తోలితే మళ్లీ ఒళ్లు తగ్గుతుంది, వచ్చేవారం ఇంకా తక్కువ పలుకుతుంది. అది కన్నయ్యకీ తెలుసు. దూరంగా కూర్చుని వక్క నములుతూ మా వైపే చూస్తున్నాడు.

"ఇచ్చేస్తాం మే" అన్నాడు దేవదానం. "నాలుగన్నా వస్తాది."

చెంగమ్మ కళ్లు తుడుచుకుంది. లేచి కొంగు బిగించింది. "ఇయ్యాల శనివారం గదా? మరమగ్గాల కాడ కూలి పడి ఉంటాది. మనమే కోయించి, కూర కుప్పలేసి అమ్ముదాం. పదండి."

తాటాకుల మీద

దారిలో నగరికి ఇవతల చెంగమ్మ అక్క ఉండే పేట ఉంది. మరమగ్గాల్లో పనిచేసే కూలీలు ఎక్కువగా ఉండేది అక్కడే. ఆ సాయంత్రమే చెంగమ్మ, ఆమె అక్క ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చారు. తిననివాళ్ల గడప తొక్కలేదు. కుప్పకు ఆరు రూపాయలు, చేతిలో డబ్బు పెడితేనే కుప్ప. మామూలుగా పెద్దకూర కుప్పలు కళ్లం నాటికి గింజలిచ్చే మాట మీద పోతాయట. గింజలతో ముత్యాలప్ప ఎనుము రాదు.

ఆదివారం తెల్లవారింది. కోసేవాళ్లు వచ్చారు. చెంగమ్మ కర్రోడి మెడలోంచి పలుపు విప్పి చుట్టచుట్టి చంకన పెట్టుకుంది. జీవాన్ని అమ్మినా కోసినా పలుపు ఇంట్లోనే ఉండాలట. దాని నుదుటి మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. దేవదానం కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. తర్వాత వాళ్లిద్దరూ వీధి చివరికి వెళ్లిపోయారు. నేనూ వెళ్లాను. ముగ్గురం అటు తిరిగి ముక్కు కొండనే చూస్తూ కూర్చున్నాం.  ముప్పై ఏళ్లుగా తోలు వాసనలో బతుకుతున్నవాణ్ణి, ఆ పొద్దున ఏడ్చాను. ఈసారి ఎందుకో తెలుసు.

వెనక్కి వచ్చేసరికి వీధి పొడవునా తాటాకులు పరిచారు. ఒక్కో ఆకు మీద ఒక్కో కుప్ప. కండ, ఎముక, ఇంత కాలేయం, ఇంత కొవ్వు, అన్నీ అన్నింట్లో. తక్కెడ లేదు, తూకంరాయి లేదు. మరి ఏ కుప్ప ఎవరికో ఎలా తేలుస్తారు? అందుకొక పద్ధతుంది. ఒక అవ్వను గోడ వైపు మొహం పెట్టి కూర్చోబెట్టారు. ఇక్కడ ఒకాయన ఒక కుప్ప మీద కర్ర పెట్టి "ఇది ఎవురికి?" అంటాడు. కుప్పను చూడని అవ్వ నోటికొచ్చిన పేరు చెబుతుంది. "మరియమ్మకు." "ఇది ఎవురికి?" "డ్రైవరు బాబుకు." ఎవరూ గునిసింది లేదు, తొంగి చూసింది లేదు. తువాలు కింద రహస్యం నిన్న చూశాను. ఇదీ ఒక రకం చీకటే. కానీ ఈ చీకటిలో అందరూ సమానం. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఎవరో ఆడపిల్ల నవ్వింది.

ఎండ ముదరకముందే ఆకులన్నీ ఖాళీ అయ్యాయి. తల, కాళ్లు కూడా పోయాయి. చెంగమ్మ కొంగులో ఆరు వందలకు కాస్త ఇటూ అటూ. మిగిలింది తోలు.

అప్పుడు సైకిల్ మీద వచ్చాడు కన్నయ్య! ఆదివారం పేటల్లో తోళ్లు పోగుచెయ్యడం కూడా అతని పనేనట. చెంగమ్మను చూసి గతుక్కుమన్నాడు. అయినా వ్యాపారం వ్యాపారమే. భుజం మీది పచ్చ తువాలు తీసి, అలవాటు కొద్దీ దేవదానం వైపు చెయ్యి చాచాడు.

పేట పేటంతా చూస్తోంది. దేవదానం తన చెయ్యి తియ్యలేదు, జేబులోనే ఉంచుకున్నాడు.

"నోటితో చెప్పప్పా" అంది చెంగమ్మ.

కన్నయ్య చుట్టూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "నలభై" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి పాపం అతనికి చెమట పట్టింది.

తోలు నాకు తెలుసు. మచ్చ లేదు, గాటు లేదు, గంజి తాగి పెరిగిన తోలు. "అరవై" అన్నాను నేను, నాకే తెలియకుండా. కన్నయ్య నన్ను మింగేలా చూసి "డెబ్భై" అన్నాడు. "ఎనభై" అన్నాను. జనం ఈలలు వేశారు. అతను వంద అన్నాక నేను ఆగిపోయాను. అంతకు మించితే ఏలూరుకు మోసుకెళ్లిన ఖర్చు కూడా రాదు. తోలు నాకు దక్కలేదు. వ్యాపారంలో ఓడిపోయి అంత సంతోషపడటం నాకు అదే మొదలు. కన్నయ్య డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, సైకిలెక్కబోతూ, "అట్టా అరిసి చెప్తే సంతలో మేం బతికేదెట్ట మా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

"మేం బతికినట్టే" అంది చెంగమ్మ.

ముత్యాలప్ప ఎనుము

పొద్దు వాలకముందే వాళ్ల పేటకు చేరాం. పుత్తూరు పాల వ్యాపారి ఇంకా రాలేదు. ముత్యాలప్ప వాకిట్లో కూర్చుని ఉన్నాడు. దేవదానాన్ని చూసి లేచి, భుజం మీది చిరుగుల తువాలు తీసి ఆయన చేతి మీద కప్పాడు. దేవదానం చెయ్యి లాక్కోలేదు, పెద్దాయన మీద గౌరవంతో. కాసేపటికి ఆయన కళ్లు పెద్దవయ్యాయి. చెంగమ్మ దగ్గరికి వచ్చి చెవిలో ఏదో అన్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది. ఐదు వందలు. ఆ పాల వ్యాపారి ముసలాయనకు అంతే చెప్పి ఉంచాడు.

ఇక్కడ నేను వ్యాపారిగా ఆలోచించానని దాచను. దేవుడిచ్చిన బేరం. ఐదు వందలు ఇచ్చేస్తే రెండు వందలు మిగులుతాయి. గడ్డి కొనొచ్చు, పాక కప్పించుకోవచ్చు. ఊరుకో చెల్లెమ్మా అని కళ్లతోనే సైగ చేశాను.

చెంగమ్మ నన్ను చూసింది, దూడను చూసింది. పెద్దగా నిట్టూర్చింది. "ముసలాయనా, సంతలో పాడి ఎనుము ఏడు నూర్లు పలకతా ఉండాది. ఆ పాలోడు నీకు తప్పు ధర చెప్పినాడు" అంది, వీధిలో వాళ్లందరికీ వినిపించేలా.

ముత్యాలప్పకు అర్థం కాలేదు. "కొనేదానివి నువ్వే గదా మా. నాకెందుకు చెప్పినావు?"

"నాకు ఎవురూ చెప్పలా. అందుకు."

ఆయన ఎనుము వీపు నిమిరాడు. తర్వాత ఆరున్నర వందలు చాలన్నాడు. చెంగమ్మ ఏడు అంది. అమ్మేవాడు తగ్గించడం, కొనేది పెంచడం! దున్న ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నారని సామెత ఉంది గానీ, ఇలాంటి బేరానికి ఏ సామెతా లేదు. చివరికి ఆరున్నర దగ్గర ఆగారు. ముత్యాలప్ప తన పలుపు విప్పి తాను ఉంచుకున్నాడు. చెంగమ్మ చంకలోంచి కర్రోడి పలుపు తీసి ఎనుము మెడకు కట్టింది. దూడ పరుగెత్తుకుంటూ వెనక వచ్చింది.

నేను చెప్పుల కేసి చూసుకున్నాను. మూడోనాడు కరవడం మానేశాయి, ఆమె చెప్పినట్టే. వెనక్కి తిరిగి చూస్తే ముసలాయన ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. తువాలు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, మొహం తుడుచుకుని, భుజాన వేసుకున్నాడు.